బీరువాలో లేని ప్యాంట్లు

పోయిన వారం లిఫ్టు మెకానిక్ భార్యని మెట్ల మధ్యలో వదిలేసి వచ్చాను. కోపంగా ఉన్న మనిషిని వారం రోజులు గోడ పట్టుకుని నిలబడమనడం మర్యాద కాదని నాకూ తెలుసు. ఇప్పుడు ఆవిణ్ణి పైకి తీసుకెళ్తాను. ఈలోగా, పోయిన వారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి ఇంకా తిరిగివ్వక చదవలేకపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి.

టైలరు షాపు పైన, మేడ మీద, ఒక సలహా కేంద్రం ఉంది. అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు అక్కడికి వస్తారు. కేంద్రంవాళ్ళు ఫీజు తీసుకోకుండా వాళ్ళ లెక్కలు విప్పి చూస్తారు, వసూలు కంపెనీలకి జవాబులు రాస్తారు, ఎంత కట్టగలరో అంతే కట్టేలా మాట్లాడి ఒప్పిస్తారు. దాన్ని నడిపే ఆవిడ ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. రిటైరై చాలా కాలమైనా అందరూ ఇంకా నర్సమ్మ అనే పిలుస్తారు. మనిషి పొట్టి, మాట కూడా పొట్టే. రూల్సు మాత్రం చాంతాడంత.

ఆ రూల్సన్నిటికీ తల్లిలాంటిది ఒకటుంది. రోగం సంగతి రోగికే చెప్పాలి, రోగి చెప్పమన్నవాళ్ళకే చెప్పాలి. అప్పు సంగతీ అంతే. ఈ ఒక్క ముక్కని చట్టంలో పెట్టించాలని ఆవిడ కాళ్ళరిగేలా తిరుగుతోంది. అప్పు తీసుకున్నవాణ్ణి అడగండి, కాదనం. అతని భార్యకీ, పక్కింటికీ, పనిచేసే చోటుకీ ఫోన్లు చేసి పరువు తియ్యకండి. ఇంతే ఆవిడ అడిగేది. రేపు ఉదయం ప్రభుత్వం వేసిన కమిటీ కూర్చుంటోంది. బాధపడ్డవాళ్ళు స్వయంగా వచ్చి చెబితే వింటామన్నారు. వస్తామని మాటిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది లిఫ్టు మెకానిక్ ఒక్కడే. అతనికీ నర్సమ్మ ఒక షరతు పెట్టింది. ముందు మీ ఇంటావిడకి మీ నోటితో చెప్పండి, కమిటీ సంగతి ఆ తర్వాత. అతను ఇవాళ చెబుతా, రేపు చెబుతా అంటూ నెట్టుకొస్తున్నాడు.

ఇక ప్యాంట్ల కథ. కేంద్రం నుంచి ఎవరింటికైనా ఫోన్ చేస్తే అవతల ఎత్తేది ఎవరో తెలీదు. సలహా కేంద్రం అని చెబితే సగం గుట్టు అక్కడే బయటపడుతుంది. అందుకని నర్సమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. కింద ఎలాగూ టైలరు షాపు ఉంది కదా! "టైలరు షాపు నుంచండీ, మీ ప్యాంటు రెడీ అయింది, వచ్చి తీసుకెళ్ళండి" అని చెబుతారు. మీ పని అయింది, ఒకసారి పైకి రండి అని దానర్థం. ఈ ఉపాయం తట్టిన రోజున ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయింది. కింద టైలరు బాబాయికీ చెప్పిపెట్టారు. చీటీ లేకుండా ఎవరైనా "ప్యాంటు రెడీ అన్నారు" అంటూ వస్తే, మారు మాట్లాడకుండా పైకి పంపెయ్యాలి.

ఇవాళ మెకానిక్ ఫోన్ ఇంట్లో మర్చిపోయి పనికి పోయాడు. భార్యకి సెలవు రోజు. మధ్యాహ్నం ఫోన్ మోగితే ఆవిడ ఎత్తింది. ప్యాంటు రెడీ అన్నారు. సాయంత్రం కాగానే హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని ఆవిడే టైలరు షాపుకి వచ్చింది. టైలరు బాబాయి తనకి చెప్పిన పని తు.చ. తప్పకుండా చేశాడు.

అదండీ సంగతి. మెట్లు అయిపోయాయి.

ఆవిడ గుమ్మంలో నిలబడి గదంతా కలియజూసింది. కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది కాబట్టి మొహాలని దగ్గర్నుంచి చూడటం ఆవిడకి అలవాటు. గదిలో కుట్టు మిషను లేదు. కత్తెర లేదు, టేపు లేదు, గుడ్డముక్క లేదు. ఒకదానికొకటి జత కలవని కుర్చీలు గోడ వారగా ఉన్నాయి. గోడల మీద ఒక్క కాగితం లేదు. అదీ నర్సమ్మ రూలే. ఇక్కడ కూర్చున్న మనిషిని చూసి ఎందుకొచ్చాడో ఎవరూ పోల్చుకోకూడదు. బయట బోర్డు మీద కూడా సలహా కేంద్రం అని రాయించి ఊరుకున్నారు. ఏం సలహాలో రాయించలేదు. రేపటి కోసం రాసిన అట్టలు లోపలి గదిలో, తెర వెనక, గోడవైపు తిప్పి పెట్టి ఉన్నాయి.

గదిలో ముగ్గురున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర నర్సమ్మ. ఫోన్ దగ్గర ఆవిడ కోడలు. ఇంట్లో ఆ అత్తాకోడళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదు గానీ ఆఫీసులో మాత్రం అత్తగారి మాట కోడలు జవదాటదు. మూడో మనిషి లెక్కల మాస్టారు. స్కూలు నుంచి రిటైరయ్యాక ఏం తోచక వసూలు కంపెనీల వడ్డీల మీద పడ్డాడు. లెక్కలో తప్పుంటే ఆయన ఇట్టే పట్టేస్తాడు. కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"మా ఆయన ప్యాంటు రెడీ అన్నారు," అంది ఆవిడ. "ఇస్తారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కోడలు లేచి నిలబడింది. "ఏ... ఏ ప్యాంటండీ?"

అంతే, గొంతు దొరికిపోయింది.

"నువ్వేనా అమ్మాయ్ మధ్యాహ్నం ఫోన్ చేసింది? అంతకుముందు చేసిందీ నువ్వే. దానికి ముందు చేసిందీ నువ్వే. ఎప్పుడు చూసినా ప్యాంటు రెడీ, ప్యాంటు రెడీ. మా ఆయనకున్నవి నాలుగు ప్యాంట్లు. నాలుగూ ఉతికేది నేను, ఇస్త్రీ చేసేది నేను, ఊడిన గుండీ కుట్టేది నేను. బీరువాలో కొత్తది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇన్ని ప్యాంట్లు కుట్టించుకుని ఎవరింట్లో పెట్టుకుంటున్నారో చెప్పండి. నేనే వెళ్ళి వాటికీ ఇస్త్రీ చేసొస్తా."

మాస్టారికి నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాడు. నర్సమ్మ చూసిన చూపుకి ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

"కూర్చో అమ్మా," అంది నర్సమ్మ.

"కూర్చోడానికి రాలేదండీ."

"సరే, నేనే లేస్తాను." మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఆ ఫోన్లు చెయ్యమన్నది నేను. మా కోడలు నేను చెప్పినట్టు చేసింది, అంతే. అడగాల్సింది ఏదైనా ఉంటే నన్నడుగు."

"ప్యాంటుందా?"

"లేదు."

"ఎప్పుడైనా ఉందా?"

"ఎన్నడూ లేదు తల్లీ."

"మరి మా ఆయన ఇక్కడికెందుకొస్తారు?"

"అది నేను చెప్పకూడదు."

"చెప్పకూడదా? నేనాయన భార్యనండీ!"

"తెలుసమ్మా. అయినా చెప్పకూడదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకేసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆయనకీ మీకూ ఏమిటి సంబంధం?"

నర్సమ్మకి అరవై దాటి చాలా రోజులైంది. ఒక చెవి సరిగా వినపడదు. ఇంట్లో ఆవిడ భర్త ఉన్నాడు. ఈ మాట ఆయన చెవిన పడితే మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతాడు. ఇంకెవరైనా అయితే, పోవమ్మా, నా వయసు చూడు అని ఒక్క మాటతో దులిపేసుకునేవాళ్ళు. నర్సమ్మ ఆ మాట కూడా అనలేదు. అది కాదని మొదలుపెడితే, మరేమిటి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

"అదీ చెప్పను," అంది.

"మీరు చెప్పరు. పెద్దవాళ్ళు, మిమ్మల్నేమంటాను? ఈ చక్కని పిల్లని అడుగుతాను. ఏమ్మా, నువ్వు చెబుతావా? అంత తియ్యగా ప్యాంటు రెడీ అంటావే?"

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్తయ్యా..." అంది.

"నన్నెన్నయినా అను, పడతాను," అంది నర్సమ్మ. "ఆ పిల్ల జోలికి మాత్రం వెళ్ళకు. ఈ నాటకం రాసింది నేను, ఆడించింది నేను."

అప్పటిదాకా మింగలేక కక్కలేక కూర్చున్న మాస్టారికి ఇక ఓపిక చచ్చిపోయింది. "అమ్మాయ్, నువ్వనుకునేది కాదు. అసలు సంగతేంటంటే..."

"మాస్టారూ!"

ఆసుపత్రి వార్డులో డ్యూటీ డాక్టర్లని కూడా నిలబెట్టిన గొంతు అది. "మీరొకసారి లోపలికి రండి."

తెర వెనక వాళ్ళు మాట్లాడుకున్నది మనం వినొచ్చు. మెకానిక్ భార్యకి వినపడలేదు, కింద మిషన్లు ఆ కాసేపు గట్టిగానే తిరిగాయి.

"ఒక్క ముక్క చెబితే పోయేదేముంది?" అన్నాడు మాస్టారు. "ఆడది లేదు, అప్పుంది అనండి. ఆ అమ్మాయి మనసు కుదుటపడుతుంది. కాపురం నిలబడుతుంది."

"తెలుసు."

"ఈ రాత్రి వాళ్ళిద్దరూ కొట్టుకుంటే రేపు అతను కమిటీకి రాడు. మనకింకెవరూ లేరు. ఇన్నేళ్ళ మీ కష్టం బూడిదలో పోసినట్టవుతుంది."

"అదీ తెలుసు."

"మరి?"

"వసూలువాళ్ళు ఇళ్ళకి ఫోన్ చేసి భార్యలతో ఏమంటారు మాస్టారూ? మీ మంచి కోసమే చెబుతున్నామమ్మా అంటారు. ఇప్పుడు మీరూ ఆవిడ మంచి కోసమే చెబుదామంటున్నారు."

"వాళ్ళూ మనమూ ఒకటా?"

"కాదు. కాదనుకునే కదా నోరు జారేది. అతను నమ్మి చెప్పుకున్నాడు. ఆ మాట అతనిది. నా పరువు దక్కించుకోడానికో, రేపటి కమిటీ కోసమో దాన్ని తీసి వాడుకుంటే, రేపు పొద్దున్న వాళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"మీ మీద ఎంత నింద పడుతోందో చూస్తున్నారా?"

"పడనివ్వండి. అతనొచ్చేదాకా మొయ్యగలను."

ఈ నవల మొదలుపెట్టినప్పటి నుంచి కొందరు నన్నడుగుతున్నారు, ఆ ముసలావిడంటే మీకెందుకండీ అంత అభిమానం అని. ఇదిగో ఇందుకు. పేపర్లో పేరు పడేటప్పుడు నీతిగా ఉండటం నాకూ వచ్చు. మేడ మీద, ఎవరూ చూడని గదిలో, పరాయి ఆడది తన కోడలి ముందే నిలదీస్తుంటే, నోటి చివరున్న ఒక్క మాటతో బయటపడే వీలుండి కూడా నోరు మూసుకోవడం నాకు చేతకాదు. మీకూ చేతకాదనే అనుకుంటున్నాను. ఆవిడకి చేతనైంది, ఆవిణ్ణి చూస్తే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తెర తీసుకుని బయటికొచ్చింది. ఒక కుర్చీ లాగి మెకానిక్ భార్య పక్కన వేసి, ఇంకొకటి దాని పక్కనే వేసింది. ఎదురుగా కూర్చోవడం ఆవిడకి నచ్చదు. పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టుంటుందంటుంది.

"నేను నీకొక తప్పు చేశానమ్మా. మీ ఇంటికి ఫోన్ చేయించి అబద్ధం చెప్పించాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఆ అబద్ధం మీ ఇంట్లోకొచ్చి ఏం చేస్తుందో ఆలోచించలేదు. నువ్వెన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపావో ఇప్పుడు నీ మొహం చూస్తే తెలుస్తోంది. నన్ను క్షమించు. రేపటి నుంచి ఈ ప్యాంట్ల ఫోన్లు ఎవరింటికీ వెళ్ళవు."

ఆవిడ తెల్లబోయింది. తిడతారని వచ్చింది, తిట్టడానికి వచ్చింది. క్షమించమంటారని రాలేదు.

"ఇదైతే ఒప్పుకుంటారు. అది మాత్రం చెప్పరు."

"ఇది నాది. అది నాది కాదు."

ఆవిడ ఏదో అనబోయింది. అప్పుడే మెట్ల మీద ఇనుప సామాను కదిలిన చప్పుడైంది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెకానిక్ వస్తున్నాడు. రేపు కమిటీ ముందు ఏం మాట్లాడాలో ఒకసారి చూసుకుందామని ఇవాళ రమ్మన్నారతన్ని. ఫోన్ రాకపోయినా ఆ సంగతి గుర్తుపెట్టుకుని వచ్చాడు. లోపల అడుగుపెట్టి, భార్యని చూసి, తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"నువ్వా? ఇక్కడ?"

"మీ ప్యాంటు రెడీ అన్నారు. తీసుకెళ్దామని వచ్చా."

అతను నర్సమ్మ వైపు చూశాడు. "చెప్పేశారా?"

"నేనొక్క ముక్కా చెప్పలేదు బాబూ."

"నిజం," అంది భార్య. "ఎంత మాటన్నా చెప్పలేదు. మిమ్మల్ని ఉంచుకుందని అన్నంత పని చేశా. అయినా చెప్పలేదు."

అతను సంచీ కింద పెట్టి నర్సమ్మ మొహంలోకి చూశాడు. చూసి తల దించుకున్నాడు. నర్సమ్మ కోడలికి సైగ చేసింది. "మేం కిందికెళ్ళి కూర్చుంటాం. మీరిద్దరూ మాట్లాడుకోండి."

"వద్దు నర్సమ్మగారూ, ఉండండి. మీరు వెళ్ళిపోతే నేను మళ్ళీ రేపు చెబుతానంటాను."

నిలబడే చెప్పాడు. "అప్పు చేశాను," అన్నాడు.

భార్య ఉలిక్కిపడుతుందనుకుని ఆగాడు. ఆవిడ ఉలిక్కిపడలేదు. "ఎందుకు?" అంది.

"నా పాత కంపెనీ మూసేశారు గుర్తుందా?"

"మూసేసిన వెంటనే ఇంకోదాన్లో చేరారుగా."

"వెంటనే కాదు. చాలా నెలలు పట్టింది. రోజూ పొద్దున్నే ఈ సంచీ పట్టుకుని బయటికొచ్చేవాణ్ణి. నువ్వు గేటు దాకా వచ్చి జాగ్రత్త అనేదానివి. బస్టాండులో కూర్చునేవాణ్ణి, లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. వాన పడితే ఆసుపత్రి వరండాలో కూర్చునేవాణ్ణి, అక్కడ ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. సాయంత్రం చేతులకి కాస్త గ్రీజు రాసుకుని ఇంటికొచ్చేవాణ్ణి." "నెల తిరగ్గానే నీ చేతిలో జీతం పెట్టేవాణ్ణి కదా. అది జీతం కాదు."

"పాపకి స్కూలు బూట్లు కొన్నాం, అప్పుడేనా?" అంది ఆవిడ.

"అందులోంచే."

"మా అమ్మకి కళ్ళ ఆపరేషన్?"

"అదీ అందులోంచే."

అప్పుడు కూర్చుంది ఆవిడ, వచ్చిన తర్వాత మొదటిసారి. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చాలా చిన్న గొంతుతో అడిగింది. "అయితే ఇంకెవరూ లేరా?"

"ఎక్కడ?"

"మీకు. ఇంకో మనిషి."

మెకానిక్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ మొహం చూసి అతన్ని అనుమానించాలంటే రాతి గుండె కావాలి. "ఇంకో మనిషా? నాకు? ఈ గ్రీజు చేతులకా?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోడలు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే అందుకుంది. "నిన్ను నానా మాటలూ అన్నానమ్మా," అంది. "ఏం అనుకోకు." కోడలు తల అడ్డంగా ఊపి, మొహం తుడుచుకోడానికి తెర వెనక్కి పరిగెత్తింది.

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, ఆవిడ మాట్లాడింది.

"అప్పు సంగతి నాకు తెలుసండీ."

అతనికి అర్థం కాలేదు. "ఇప్పుడే కదా చెప్పాను."

"చాలా రోజుల కిందటే తెలుసు. వసూలు కంపెనీవాడు ఒకడు మా షాపుకి ఫోన్ చేశాడు. కౌంటరు దగ్గర జనం ఉన్నారు, మా ఓనరు పక్కనే ఉన్నాడు. మీ ఆయన ఇంత ఎగ్గొట్టాడు, మీ ఓనరుతో మాట్లాడమంటారా, మీరే సర్దుతారా అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. మీ ఆయనకి మాత్రం చెప్పకండమ్మా, భార్యకి తెలిసిపోయిందని తెలిస్తే మగాడు ఏ అఘాయిత్యమైనా చేసుకుంటాడు, ఆ పాపం మీకే అన్నాడు. నేను భయపడిపోయా. అప్పటి నుంచీ కడుతున్నా. ఓవర్‌టైం ఇవ్వట్లేదని మీతో చెప్పానే, ఇస్తున్నారు. అదంతా వాళ్ళకే పోతోంది."

"కానీ నేను కడుతున్నా కదా!" అన్నాడతను. "వాడే నాతో, మీ ఇంటావిడకి తెలీకుండా చూసుకునే పూచీ నాది, నెల నెలా కట్టండి చాలు అన్నాడు. అందుకనే ఒక్క నెల కూడా తప్పలేదు."

"నేనూ తప్పలేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకే మంచం మీద అటు తిరిగి ఒకళ్ళు, ఇటు తిరిగి ఒకళ్ళు, ఎదుటి మనిషికి తెలీకూడదని ఊపిరి బిగబట్టుకుని పడుకున్నారన్నమాట ఇన్నాళ్ళూ. ఆ గుట్టుని వాడు ఇద్దరికీ వేరువేరుగా అమ్ముకున్నాడు.

"అప్పు ఎందుకు చేశారో నాకు తెలీలేదు," అంది ఆవిడ. "ఇంట్లో ఏ లోటూ లేదు. మరి డబ్బెటు పోయింది? అంతలో ఈ ప్యాంట్ల ఫోన్లు. రెండూ కలిపి చూసుకుని, ఇంకేదో ఊహించుకున్నా."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన మొహంలో మెతకదనం పోయి లెక్కల మనిషి బయటికొచ్చాడు. "అమ్మాయ్, మీ ఆయన అప్పు లెక్క కంపెనీవాళ్ళు మాకు పంపారు. నేనే ముక్క ముక్కా చూశాను. అందులో అతను కట్టిందే ఉంది. నువ్వు కట్టింది ఎక్కడా లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదు. అప్పులోంచి తగ్గలేదు, ఎవరి పేరునా జమ కాలేదు. ఎవడి జేబులోకి పోయిందో వాడికే తెలియాలి." ఆయన గబుక్కున నర్సమ్మ వైపు తిరిగాడు. "రేపు ఈ ఒక్క సంగతి చాలు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఇప్పుడు చెప్పిందే చెబితే కమిటీవాళ్ళ నోట మాట రాదు. మన నిబంధన పెట్టి తీరాల్సిందే! రాసుకోనా?"

ఏళ్ళ తరబడి తిరిగిన తిరుగుడుకి ఫలం నర్సమ్మ చేతికి అందే దూరంలో ఉంది. ఆవిడకి తెలీదనుకున్నారా? కుర్చీ చేతిని పట్టుకున్న ఆ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"వద్దు మాస్టారూ. వాళ్ళింకా ఒకళ్ళతో ఒకళ్ళు సరిగా మాట్లాడుకోనేలేదు. అప్పుడే మనం పెన్ను తియ్యకూడదు." భార్యాభర్తల వైపు తిరిగింది. "ఇంటికెళ్ళండి. పాపకి అన్నం పెట్టండి. మీ ఇద్దరికీ చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. రేపు రావాలనిపిస్తే రండి. లేకపోతే లేదు, నేనొక్కదాన్నే వెళ్ళి నా మాట నేను చెప్పుకుంటా. మీ బాధ మీది. దాన్ని నాకివ్వాలన్న బాకీ మీకేం లేదు."

మాస్టారు ఉసూరుమంటూ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మెకానిక్ సంచీ అందుకున్నాడు. భార్య లేవబోయింది.

ఒళ్ళోని బ్యాగులో ఫోన్ మోగింది.

ఆవిడ జిప్పు తీసి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "వాడే," అంది. "ఎప్పుడూ నా సెలవు రోజునే చేస్తాడు. ఈయన ఇంకా పని నుంచి రాని వేళ చూసుకుని మరీ చేస్తాడు."

మెకానిక్ చెయ్యి చాచాడు. పిడికిలి బిగిసి ఉంది. "ఇటివ్వు. నేను మాట్లాడతా."

"ఫోన్ ఆవిడది బాబూ," అంది నర్సమ్మ మెల్లగా.

అతను ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమైందో చూస్తున్నవాళ్ళకి తెలిసింది.

ఫోన్ మోగుతూనే ఉంది. ఆవిడ నర్సమ్మ వైపు చూసింది. "నేనేం చెయ్యనండీ?"

"ఎత్తకపోయినా తప్పు లేదు, ఎత్తినా తప్పు లేదు. నువ్వేం చేసినా నేనిక్కడే ఉంటా."

ఆవిడ కుర్చీ జరిపి భర్త పక్కకి వేసుకుంది. అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది.

అవతల గొంతు చాలా మర్యాదగా ఉంది. మెత్తని, చదువుకున్న గొంతు.

"నమస్కారమండీ. ఈ నెలది ఇంకా అందలేదు. మాట్లాడొచ్చా? మీరొక్కరే ఉన్నారు కదా?"

"లేదండీ," అంది ఆవిడ. "మా ఆయన పక్కనే ఉన్నారు. చెప్పండి."